మందు పెట్టని పళ్లు

భూలక్ష్మి నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లు తాగి పెరిగింది. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పదేళ్లకే ఆమె ముందు పళ్లు సుద్దముక్కల్లా పాలిపోయాయి. పెళ్లినాటికి వాటి మీద గోధుమరంగు చారలు దిగాయి. కాపురానికి బోరబండ వచ్చాక కూడా చాలాకాలం కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది.

1997లో ఆమె మాదాపూర్‌లోని ఒక చిన్న ల్యాబ్‌లో ఊడ్చే పనికి కుదిరింది. పొద్దున్నే బండల మధ్య దారిలో నడిచి వెళ్లేది. అప్పటికి ఆ చుట్టుపక్కల పెద్ద భవనాల కోసం రాళ్లు పేలుస్తున్నారు. పేల్చినప్పుడల్లా ల్యాబ్‌లో గాజుసీసాలు గలగలలాడేవి.

ఆ ల్యాబ్ యజమాని విశ్వేశ్వరరావుది గుంటూరు వైపు. పరిశోధన చేసేది కర్నూలు నుంచి వచ్చిన జ్యోత్స్న. పాలలోని ప్రోటీన్‌ను చిన్నచిన్న ముక్కలుగా విడగొడితే పెప్టైడ్లు వస్తాయి. అవి కాల్షియం, ఫాస్ఫేట్‌లను పట్టుకుని, పుల్లటి వాటివల్ల గుల్లబారిన పంటిపొరలోకి చేరుస్తాయి. పోయిన గట్టిదనం అలా ఎంత తిరిగి వస్తుందో తేల్చడమే జ్యోత్స్న పని.

దానికి పళ్లు కావాలి. దవాఖానల్లో పీకిన పళ్లను తెచ్చి, కడిగి, వజ్రపు చక్రం మీద పలుచగా కోయాలి. జ్యోత్స్న కోస్తే సగం విరిగేవి. ఒకరోజు భూలక్ష్మి, "జర నేను చూస్త మేడం," అని కూర్చుంది. ఆమె కోసిన ముక్క గోరంత కూడా చిట్లలేదు. ఏడాది తిరిగేసరికి కోయడమే కాదు, పెప్టైడ్ల మందులో నానబెట్టడం, గట్టిదనం కొలిచే మిషన్ చూడడం కూడా ఆమెకు వచ్చేశాయి. ఆ మిషన్‌లోని సన్నని మొన పంటి మీద నొక్కుతుంది. గుంట ఎంత చిన్నగా పడితే పన్ను అంత గట్టి.

ఫలితం బాగానే వచ్చింది. పుచ్చు అప్పుడే మొదలై తెల్లమచ్చ దశలో ఉన్న పన్ను పోగొట్టుకున్న గట్టిదనంలో దాదాపు మూడో వంతు తిరిగి తెచ్చుకుంది. పుచ్చి గుంట పడిన పంటికి మాత్రం ఏమీ కాలేదు. భూలక్ష్మి పళ్లలాంటి వాటి చారలూ పోలేదు.

విశ్వేశ్వరరావుకు అది చాలలేదు. ఒకరోజు భూలక్ష్మిని తన గదికి పిలిచాడు.

"చూడమ్మా, నీ పళ్లకు తొడుగులు వేయిస్తాను. ముందో ఫొటో, తర్వాతో ఫొటో తీస్తాం. వచ్చే నెల పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారు. మన మందుతోనే బాగయ్యాయని ఒక్క మాట చెప్పు."

"తొడుగులేస్తే మందేం చేసినట్టు సార్?"

"అదంతా నీకెందుకు? నీ పళ్లు బాగుపడతాయి కదా!"

ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడింది. ఆశపడలేదంటే అబద్ధం. కూతురు రోహిణి కూడా, "చేయించుకోవే అమ్మా, మస్తుగుంటవ్," అంది. కానీ ఏడాదిపాటు తన చేతులతో కోసి, కొలిచిన పళ్లన్నీ కళ్ల ముందు మెదిలాయి. అవి చెప్పింది ఒకటి, తాను చెప్పాల్సింది ఇంకొకటి.

మర్నాడు, "నాతోని కాదు సార్. నా పండ్లు గిట్లనే ఉండనియ్యుండ్రి," అంది.

"అయితే ఆ రోజు నువ్వు లోపలి గది దాటి రాకు," అన్నాడాయన.

వాళ్లు వచ్చిన రోజు హాలు గోడ మీద రెండు పెద్ద ఫొటోలు వేలాడుతున్నాయి. ఎవరివో చారల పళ్లు ఒకటి, తెల్లటి పళ్లు ఇంకొకటి. జ్యోత్స్న తల వంచుకుని మూలన నిలబడింది. వచ్చినవాళ్లతో ఉన్న సీతారామయ్య దంతవైద్యం బోధించి రిటైరైన పెద్దాయన. ఫొటో దగ్గరికి వెళ్లి అడిగాడు.

"ఈ మనిషిని చూడొచ్చాండీ?"

"ఊరెళ్లిందండీ," అన్నాడు విశ్వేశ్వరరావు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. భూలక్ష్మి నడిచి వచ్చి సీతారామయ్య ముందు నిలబడింది.

"గసొంటి పండ్లు చూడాల్నంటే నావి చూడుండ్రి సార్. వీటికి ఈ మందు పనిచెయ్యది. దేనికి పనిచేస్తదో లోపటున్నది, చూపిస్త రండ్రి."

"నోరు ముయ్యి!" అని అరిచాడు విశ్వేశ్వరరావు.

"ముప్పయ్యేండ్లు మూసుకునే ఉన్న సార్. ఇగ మూయ."

సీతారామయ్య ఆమె వెంట వెళ్లాడు. గంటసేపు ఒక్కో ముక్కనూ మిషన్ కింద పెట్టించుకుని చూశాడు. "ఇంత పలుచగా కోసిందెవరమ్మా?" అని అడిగితే, "నేనే," అంది. అప్పుడు జ్యోత్స్న కూడా లోపలికి వచ్చి, అసలు లెక్కలున్న పుస్తకం ఆయన చేతిలో పెట్టింది.

వచ్చినవాళ్లు ఏ మాటా ఇవ్వకుండా వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. భూలక్ష్మి నాలుగు నెలలు కూకట్‌పల్లిలో ఇళ్లల్లో పనిచేసింది. తర్వాత సీతారామయ్య చొరవతో జ్యోత్స్నకు ఒక దంత కళాశాలలో చోటు దొరికింది. ఆమె భూలక్ష్మినీ పిలిపించింది.

కళాశాల ఆఫీసులో గుమాస్తా ఇచ్చిన ఉద్యోగ కాగితం మీద 'స్వీపర్' అని ఉంది. భూలక్ష్మి సంతకం పెట్టలేదు.

"ఐదో తరగతి చదివినదానికి ఇంకేం రాస్తారమ్మా?"

"నేను చేసే పని రాయుండ్రి."

రెండు వారాలు రోజూ వచ్చి ఆఫీసు ముందున్న బెంచీ మీద కూర్చుంది. జ్యోత్స్న ఒకవైపు, సీతారామయ్య ఒకవైపు ప్రిన్సిపాల్‌తో మాట్లాడారు. చివరికి ప్రిన్సిపాలే ఒక పన్ను తెప్పించి, తన ముందే కోయించి చూశాడు. 1999 జూన్‌లో కొత్త కాగితం వచ్చింది. అందులో 'ల్యాబ్ టెక్నీషియన్' అని ఉంది. భూలక్ష్మి దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివి, సంతకం పెట్టి, పళ్లు కోసే గది ఎటో అడిగింది.