గమనికతో మొదలయ్యే కథలు

పోయిన వారం మా మాస్టారు కన్నుమూశారు. ఆ కబురు బరంపురం వీధుల్లో మైకు ఆటోలో చెప్పింది నేనే. నా గొంతు వినగానే జనం ఎప్పటిలాగే నవ్వుముఖాలతో గుమ్మాల్లోకి వచ్చారు. దహనం వేళ చెప్పి ఆపేశాను. మా వీధిలో అప్పడాలు చేసి అమ్మే అత్త చేతుల పిండి దులుపుకుంటూ ఆటో దగ్గరికి వచ్చింది.

"బాగుందమ్మా. మరి తరవాతేటైనాది?"

తరవాత ఏమీ లేదత్తా అన్నాను. ఏడ్చాను. అప్పుడు నమ్మింది.

ఆయన బడిలో మాకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక చిట్టి చిట్టి సైన్సు కథలు రాయడం మొదలుపెట్టారు. టీ చల్లారేలోగా అయిపోయే కథలు. పత్రికల్లో వేస్తే చదివేవాళ్ళే చదువుతారని ఆయన బెంగ. అప్పడాల అత్తకీ, అస్కా చెరకు బళ్ళవాళ్ళకీ, దిగపహండి బస్సు కోసం నిలబడ్డవాళ్ళకీ చేరాలి. అందుకే మైకు ఆటో మాట్లాడారు. తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చదవడానికి నన్ను కూర్చోబెట్టారు.

ప్రతి కథా "ప్రజలకు గమనిక" అనే మొదలవ్వాలి. అది ఆయన పట్టు.

"కతంటే ఎవుడాగుతాడమ్మా? గమనిక అని సెప్పు, పరిగెత్తుకొస్తారు" అనేవారు. నేను కాస్త గొంతు వణికించి చదివితే ఒప్పుకునేవారు కాదు. "బెదిరించకు. కూరగాయల దర సెప్పినట్టు సెప్పు. బయం దానంతటదే వస్తాది."

రేపటి నుంచి గాలిని రేషను డిపోలో మనిషికింతని కొలిచి ఇస్తారు, సంచీలు తెచ్చుకోండి. ఇదొక కథ. అది చదివిన మర్నాడు పొలసరలో ఒక తాత నిజంగానే సంచీ పట్టుకుని డిపోకి వెళ్ళాడట. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఊరుకుని, "ఆ ముసిలోడికి ఊపిరాడ్డం లేదేమో, సూసొద్దాం పద" అన్నారు. వెళ్ళి చూశాం. ఆయాసం మనిషే. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. నేను ఆయన దగ్గర నేర్చుకున్న సైన్సంతా మర్చిపోయినా ఆ ప్రయాణం మర్చిపోలేను.

"నిజం గమనిక వచ్చిన రోజున ఎవరు నమ్ముతారు మాస్టారూ?" అని తరచూ అడిగేదాన్ని. నవ్వి కొట్టిపారేసేవారు. మంచం పట్టాక అడిగినప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఇకనించి ఇది కత అని ముందే సెప్పీయమ్మా. ఆలిస్యం సేసీసేనేమో."

అలాగేనన్నాను. మరో కథ చదివే అవకాశమే రాలేదు.

ఇవాళ పొద్దున్న వార్డు ఆఫీసువాళ్ళు తుఫాను కబురు చాటమని ఆ ఆటోనే, నన్నే పిలిచారు. ఊరందరికీ తెలిసిన గొంతు కదా అన్నారు. వాళ్ళిచ్చిన కాగితం మీద మొదటి మాట "ప్రజలకు గమనిక". మధ్యాహ్నం రెండో చుట్టు తిరగాలి. ఈలోగా ఇది రాస్తున్నాను, నా నోటితో చెబితే నమ్మనివాళ్ళు చదివైనా నమ్ముతారని.

పొద్దుటి చుట్టులో మా వీధిలోకి వచ్చేసరికి ఇంకా కాస్త ఎండ పొడ ఉంది. అత్త చాపల నిండా అప్పడాలు ఆరబోసి ఉంది. సముద్రం వైపు ఆకాశం చెడిపోయిన పసుపు రంగులో ఉంది. ఎప్పటిలాగే గుమ్మాలు నిండాయి.

"ఇది కథ కాదత్తా. అవి ఎత్తేసి తుఫాను షెల్టరుకి బయల్దేరు."

"మాస్టారి సివరి కతా?" అత్త కళ్ళు తుడుచుకుంది. "అచ్చం ఆయన మాటలాగే ఉందమ్మా. కానియ్, ఇంటన్నాం."

అరిచాను. బతిమాలాను. అత్త అరుగు మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. అంతలో వీధి చివర నుంచి గాలి వచ్చింది. చాప మీంచి ఒక అప్పడం లేచి, వచ్చి ఆటో మైకుకి కొట్టుకుంది.

జనం చప్పట్లు కొట్టారు.