రెండు ఇటుకల సంచీ

మా మేనత్త కదులుతున్న బస్సును ఒంటి భుజంతో ఆపేసింది. భుజానికి అడ్డంగా తనే కుట్టిన సంచీ, సంచీలో రెండు ఇటుకలు. పట్టీ వెళ్లి బస్సు తలుపు పిడికి తగులుకుంది. బస్సు కుయ్యో మొర్రో అంది. అత్త మాత్రం కిక్కురుమనలేదు.

ఇటుకలెందుకంటారా, అక్కడికే వస్తున్నాను.

అత్తది సంచుల కొట్టు. ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషను, గోడ పొడవునా మేకులు, మూలన నవారు చుట్టలు. భుజం మీంచి ఛాతీకి అడ్డంగా దిగి ఎదురు తుంటి దగ్గర ఆగే సంచీ తప్ప ఇంకోటి కుట్టదు. టపా మోసేవాళ్ల కోసం మా తాత అట్టముక్క మీద గీసిన కొలతే ఆవిడకు ఇప్పటికీ శాసనం. పోస్టుమ్యాన్‌కి ఒక చేతిలో ఉత్తరాలుంటాయి, రెండో చెయ్యి గేటు గడియ తియ్యాలి, కుక్క వెంటపడితే రెండూ కావాలి. అందుకని బరువు ఒళ్లు మొయ్యాలి, చేతులు కాదు అనేవాడట తాత. ఆరో తరగతిలో అత్త నాకు కుట్టిచ్చిన సంచీ ఇంకా చెక్కుచెదరలేదు. తొమ్మిదో తరగతికల్లా నా చదువే పిగిలిపోయింది.

పట్టీకి వేసే కొత్త నవారు సాగుతుంది. అందుకే అత్త ముందు పట్టీకి వదులు కుట్టు వేసి, సంచీలో రెండు ఇటుకలు పెట్టి, ఒక రోజంతా మేకుకు వేలాడదీస్తుంది. సాగాల్సింది సాగాక, మిగులు కత్తిరించి గట్టి కుట్టు వేస్తుంది. బకిలు పెట్టొచ్చుగా అంటే, నడుస్తుంటే జారుతుందంటుంది.

ఆ బస్సు సంగతి జరిగిన ఏడు, కొత్త పోస్టుమాస్టరు ఫ్యాక్టరీ సంచులు తెప్పిద్దామనుకున్నాడు. అత్త వెళ్లి అడిగితే, ఒకటి కుట్టివ్వండి, మా పోస్టుమ్యాన్ వారం రోజులు మోస్తాడు, చూద్దాం అన్నాడు. కొట్టుకు ఏటా వచ్చే పెద్ద పని పోస్టాఫీసు సంచులొక్కటే. అది పోతే తలుపులు మూసుకోవడమే.

ఆ సంచీని మేకుకు తగిలించి, నవారు కొనడానికి పొరుగూరు వెళ్తూ, రేపు ఈ వేళకు దించి గట్టి కుట్టు వెయ్యమని నాకు చెప్పింది అత్త. నేనంతటివాణ్ణి కదా, ఆ పూటే దించి, కుట్టి, పోస్టాఫీసులో ఇచ్చేసి వచ్చాను. నాలుగో రోజున పోస్టుమ్యాన్ కొట్టుకు వచ్చాడు. సంచీ మోకాలి దగ్గర ఊగుతోంది.

"అమ్మా, దీన్ని నేను మొయ్యడం లేదు. నా పక్కన ఇదీ నడుస్తోంది" అన్నాడు.

అత్త మేకు వైపు చూసి, నా వైపు చూసింది.

"ఎంతసేపు వేలాడిందిరా?"

"మూడు గంటలు, అత్తా."

"ఆ మేకుకు నిన్ను తగిలించినా బాగుండేది. బుద్ధి కాస్త సాగేది."

అత్త అక్కడికక్కడే కుట్టు విప్పింది, మిగులు కత్తిరించింది, మళ్లీ కుట్టి తిన్నగా పోస్టుమాస్టరు దగ్గరికి నడిచింది. నా పేరెత్తలేదు. తప్పు మా కొట్టుది అని ఒప్పుకుని, ఒక్క రోజు అడిగింది.

"రేపు ఇది నేనే మోస్తాను సార్. సాయంత్రానికి అంగుళం దిగినా ఫ్యాక్టరీ సంచులే తెప్పించుకోండి."

ఆయన పట్టీని టేపుతో కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. మర్నాడు అత్త సంచీలో రెండు ఇటుకలు వేసుకుని, పోస్టుమ్యాన్ వెనకాలే వీధి వీధీ తిరిగింది. వెనక నడిచిన నాకు, ఏమీ మొయ్యకుండానే, భుజాలు లాగాయి. సాయంత్రం ఊరి చివరి పల్లె నుంచి బస్సులో వెనక్కి వచ్చాం. పోస్టాఫీసు ముందు దిగుతుంటే జరిగిందే మొదట చెప్పిన బస్సు సంగతి. మెట్ల మీద నిలబడ్డ పోస్టుమాస్టరు అంతా చూశాడు. లోపలికి పిలిచి, పట్టీ మళ్లీ కొలిచి, ముప్ఫై సంచులకు అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు.

బస్సును ఆపిన పట్టీని ఎవరు కాదంటారు అని నేను ఊరంతా చాటుతున్నాను. మొన్న కొట్టులో ఎవరికో చెబుతుంటే, అత్త మిషను మీంచి తలెత్తకుండానే అంది:

"బస్సు ఆగే ఉంది. అది స్టాపు. పట్టీ పిడికి తగులుకుంటే తీసుకుని దిగాను. ఆయన పని ఇచ్చింది కొలత మారలేదని."