ఎ షిఫ్టు క్యారేజీ

మా మధురవాడ అపార్ట్‌మెంటు సెల్లారులో మూడో అంతస్తు కోడలుపిల్ల రోజూ సాయంత్రం కారు అద్దాలెత్తుకుని కూర్చుని తనలో తనే మాట్లాడుకుంటోందనీ, బుర్ర కాస్త తిరిగినట్టుందనీ మొన్న లిఫ్టులో ఇద్దరు చెవులు కొరుక్కుంటుంటే, ముసలిదానికి వినబడదులే అనుకున్నారు కాబోలు, నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల తనలో తను మాట్లాడుకోవడం లేదు. తండ్రి పోయిన దుఃఖం తట్టుకోలేక ఫోన్లో ఒక కౌన్సెలర్‌తో మాట్లాడుతోంది. పెళ్ళైన ఆడపిల్లకి తండ్రి మైల మూడు రోజులేనట, మూడు నెలలైనా ఇంకా ఏడుపేమిటని అత్తవారింట్లో అంటారట, అందుకని కారులో దూరింది. ఈ సంగతి ఆ పిల్లే నాకు చెప్పింది, నలుగురికీ చెప్పినా ఫరవాలేదని కూడా అంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ ఇద్దరి వైపూ తిరిగి, “నానూ ఒకప్పుడు పిచ్చాసుపత్రి సుట్టూ తిరిగినదాన్నేనమ్మా, నన్ను సూసి కూడా భయపడండి” అనేసి దిగిపోయాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు కనకనే ఇది రాస్తున్నాను.

ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో షిఫ్టు మనిషితో కాపురం చేసిన నా ఈడు ఆడవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతాను. మాకు ఆదివారాలూ సోమవారాలూ ఉండేవి కావు, ఎ, బి, సి వారాలే ఉండేవి. ఎ షిఫ్టు వారం చీకటితోనే లేచి, అన్నం, కూర, పెరుగు సర్ది క్యారేజీ కట్టి, మావారిని వీధి చివర ఆగే షిఫ్టు బస్సు ఎక్కించాలి. సి షిఫ్టు వారం ఆయన రాత్రంతా పనిచేసి వచ్చి పగలు పడుకుంటారు గనక ఇల్లంతా గుసగుసల మీద నడవాలి, పప్పు రుబ్బుకోవాలంటే మిక్సీని పక్కింటికి మోసుకెళ్ళాలి. మా అమ్మాయి నడక నేర్చుకోవడమే మునివేళ్ళ మీద నేర్చుకుందని ఆయన నవ్వుతుండేవారు. గాజువాకలోని ఆ రెండు గదుల అద్దె ఇంట్లో నేను అంత సుఖంగా ఉన్నానని అప్పుడు నాకు తెలియలేదు.

ఆయన ఒక వారపు సెలవునాడు కంచరపాలెంలో స్నేహితుడింట పెళ్ళి భోజనానికి వెళ్ళి, చెయ్యి కడుక్కుంటూ కడుక్కుంటూ అక్కడే కూలబడిపోయారు. గుండెపోటు అన్నారు. అమ్మాయికి అప్పటికి పదేళ్ళు నిండలేదు. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, కానీ నా ఒంట్లో షిఫ్టులు మాత్రం ఆగలేదు. ఎ షిఫ్టు వారం రాగానే నాకు తెలియకుండానే లేచి వంట చేసి, క్యారేజీ కట్టి, వీధి చివరిదాకా పట్టుకెళ్ళి, బస్సు వచ్చి వెళ్ళిపోయేదాకా నిలబడి తిరిగి వచ్చేదాన్ని. ఆయన లేరని నాకు తెలియక కాదు సుమండీ. తెలిసీ చేసేదాన్ని, చెయ్యకుండా ఉండలేక చేసేదాన్ని.

షిఫ్టు బస్సు దగ్గర ఆడది క్యారేజీతో నిలబడిందంటే ఆ బస్సులో తన మగాడున్నాడని మా వీధిలో లెక్క. ఇంకేముంది, నెల తిరక్కుండానే ఎవడికో కూడు మోస్తోందని పుకారు పుట్టి, గాలికంటే ముందు ఆనందపురం చేరి, అక్కడ పూల వ్యాపారం చేసుకునే మా మరిది చెవిన పడింది. అతను చెడ్డవాడు కాదు, అన్న పోయాక మాకు బియ్యం బస్తా పంపినవాడు, కానీ పరువంటే ప్రాణం. ఒకరోజు వచ్చి, పుకారు అబద్ధమైతే వదినకి గాలి సోకినట్టేనని తనే తీర్పు చెప్పి, తాయెత్తు కట్టించి వెళ్ళాడు. తాయెత్తు కట్టుకుని మరీ బస్సు దగ్గరికి వెళ్ళాను.

నన్ను మార్చింది తాయెత్తు కాదు, నా కూతురు. అదొక సి షిఫ్టు వారం. ఆడుకుంటూ వాకిట్లో పడి మోకాలు చెక్కుకుపోతే, పిల్ల గౌను అంచు నోట్లో కుక్కుకుని చప్పుడు కాకుండా ఏడుస్తోంది. గట్టిగా ఏడవచ్చు కదే అంటే, నాన్న పడుకున్నారని నువ్వే కదా అన్నావు, అంది. నిజమే, పొద్దున నేనే అన్నాను. దాన్ని ఒళ్ళోకి లాక్కుని గౌను అంచు నోట్లోంచి తీశాను. నా దుఃఖం నా ఇష్టం అనుకున్నాను గానీ, దాన్ని పిల్ల నోట్లో కుక్కుతున్నానని తెలుసుకోలేదు. మర్నాడే దాని స్కూలు టీచరమ్మని సలహా అడిగితే, సముద్రానికి దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రిలో, అదే, ఊరంతా పిచ్చాసుపత్రి అని పిలిచేచోట, ఇలాంటి బాధలు వినడానికే ఒకావిడ ఉంటుందని చెప్పింది.

ఆ సంగతి ఎలాగో తెలిసి మా మరిది పరుగున వచ్చాడు. ఈసారి కోపంగా కాదు, బతిమాలుతూ వచ్చాడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

“వదినా, నువ్వా ఆసుపత్రిలో పేరు రాయించుకుంతే రేపు పిల్లకి సంబందం ఎవుడిత్తాడు? దాన్ని మా ఇంటికాడ ఒగ్గీ. ఆ తర్వాత నీకు నచ్చినట్టు ఎల్లు.”

“పిల్ల నా దగ్గరే ఉంతాది, నాను ఆ ఆసుపత్రికీ ఎల్తాను. రెండూ సేత్తాను. ఏటి సేత్తావో సేసుకో.”

నెల రోజులు చూస్తాననీ, అప్పటికీ నేను ఇలాగే ఉంటే పిల్లని తీసుకుపోతాననీ చెప్పి వెళ్ళాడు. ఆ మాట అన్నంత పనీ చేసే మనిషే. అంటే ఇక మంచాన పడి ఏడవడానికి కూడా నాకు తీరిక లేదన్నమాట.

బస్సులో ఎవరైనా అడిగితే కళ్ళాసుపత్రికని చెప్పమంది పక్కింటావిడ. కండక్టరు ఎక్కడికమ్మా అనగానే పిచ్చాసుపత్రి స్టాపు అని బస్సంతా వినబడేటట్టు చెప్పాను. తలలన్నీ నా వైపు తిరిగాయి. తిరగనీ అనుకున్నాను, నా కళ్ళు బాగానే ఉన్నాయి, బాగులేనిదాన్ని బాగులేదని చెప్పడానికి సిగ్గెందుకు?

అక్కడి వరండాలో ఒక పొడుగాటి చెక్కబల్ల ఉండేది. మొదటిరోజు నా పక్కన కూర్చున్నది చేపలమ్ముకునే ఒక పెద్దావిడ. వేటకెళ్ళిన కొడుకు పడవతో సహా తిరిగి రాలేదట, శవం కూడా దొరకలేదట. కొంగు కప్పుకుని ఒదిగి కూర్చున్న నన్ను మోచేత్తో పొడిచి, “ఎందుకలా దాక్కుంతావే? సంద్రం నన్నడిగి అట్టుకెల్లిందేటి నా కొడుకుని? మరి నానెవుర్నడిగి ఏడవాల?” అంది. ఆ రోజు తర్వాత నేను మళ్ళీ కొంగు కప్పుకోలేదు.

లోపల కౌన్సెలరు నాకంటే చిన్నది, నేత చీర, కళ్ళజోడు. ఊరుకోమనీ, పిల్ల ముఖం చూసి మరిచిపోమనీ అందరూ చెప్పిన మాటలు ఆవిడా చెబుతుందనుకున్నాను. ఆవిడ మాత్రం నా సంగతంతా విని, ఆ క్యారేజీలో ఏం కూర పెడతారు అని అడిగింది. అంతే. ఆనపకాయ పాలు పోసి వండితే ఆయన మెతుకు మిగల్చరని మొదలుపెట్టి, నాకిచ్చిన సమయమంతా కూరల గురించే మాట్లాడి, లేవబోతూ భోరుమన్నాను. ఆవిడ ఆపలేదు, నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. ఆయన పోయాక నేను అలా ఏడవడం అదే మొదలు. క్యారేజీ మానెయ్యమని ఆవిడ ఏనాడూ అనలేదు. కట్టడం మానొద్దు, కానీ ఆ అన్నం ఎవరు తినాలో మీరూ అమ్మాయీ కలిసి ఆలోచించుకోండి, అంది.

మా అమ్మాయి ఆలోచించడానికి ఒక్క క్షణం పట్టలేదు. ఆ పై ఎ షిఫ్టు వారం తెల్లవారీ తెల్లవారకుండా, వీధి చివర సిమెంటు దిమ్మ మీద ఇద్దరం కూర్చుని, బస్సు ఆగి ఉండగానే, అందులోని మగాళ్ళూ కిటికీల్లోని ఆడవాళ్ళూ చూస్తుండగానే, క్యారేజీ విప్పి తిన్నాం. పిల్లకి పొలమారింది, నేను దాని నెత్తిన తట్టాను, అది పకపకా నవ్వింది. ఆ వీధిలో దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఎవడికో కూడు మోస్తోందన్న మాట ఆ వేళతో సరి.

గడువు తీరగానే మా మరిది ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. నేను నోరు విప్పేలోగా పిల్లే ఎదురెళ్ళింది. “నాను రాను సిన్నాన్నా. మా అమ్మ ఏడుత్తాది, మల్లీ మానేత్తాది, అన్నం పెడతాది. నన్నూ గట్టిగా ఏడవనిత్తంది.” అతను గుమ్మంలోనే కూర్చుని, అన్న పోయాక మొదటిసారి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆటో ఖాళీగా వెళ్ళింది.

ఇప్పుడు కౌన్సెలరు ఫోన్లోకి వచ్చింది, మంచిదే, బస్సెక్కే బాధ తప్పింది. కానీ నాకు ఎదురు చెప్పడానికైనా ఒక మరిదీ, ఒక వీధీ ఉండేవి. ఎదురుగా వచ్చి అడిగేవారు, నేను ఎదురు తిరిగి అరిచేదాన్ని. చెక్కబల్ల మీద పక్కన మోచేత్తో పొడిచే మనిషి ఉండేది, ఆమె కొడుకు పేరు నాకూ, మావారి పేరు ఆమెకీ తెలుసు. ఈ ఐదంతస్తుల మేడలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు, లిఫ్టు తలుపు మూశాక గుసగుసలాడతారు. నిన్న సాయంత్రం నేనే సెల్లారులోకి దిగి, కారు తలుపు తీయించి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను, మీ నాన్నగారి పేరేమిటమ్మా అని అడిగాను. ఈ మేడలో ఇంతవరకూ ఎవరూ అడగలేదాంటీ అంది. మెల్లగా చెప్పింది. గట్టిగా చెప్పమన్నాను.