ప్లైవుడ్ వెనక కిటికీ

పాటలాయన కోపమొస్తే అరవడు, గొంతు సవరించుకుంటాడు. చర్చిలో వేదిక వెనక గోడకి వీడియో తెర బిగించిన దగ్గర్నుంచి ఆ గొంతుకి విశ్రాంతి లేదు.

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు తీసిన అచ్చులు తెచ్చుకుని, కిటికీ లేని గదిలో, ట్యూబులైటు కింద, ప్లాస్టర్ పొడి పీలుస్తూ వారమంతా ఎవరివో దవడలు అరగదీస్తాడు. ఎదురుగా గోడ, గోడవారగా బల్ల, బల్లమీద నోళ్ళు తెరిచిన దవడల వరస. ఆకాశం ఆయనకి ఆదివారం పూట మాత్రమే దొరికే సరుకు. వేదిక వెనక గోడకి పెద్ద కిటికీ, దాని అవతల ప్రహరీని ఆనుకుని పేరు తెలియని చెట్టొకటి ఉండేవి. క్వయర్‌ని, అంటే పాటల బృందాన్ని, నడిపించేవాడు జనానికి వీపు పెట్టి నిలబడాలి కాబట్టి ఆ చెట్టు సరిగ్గా ఆయన కళ్ళెదుటే ఉండేది. గాలికి ఆకు తిరగబడి మెరిస్తే ఒక చరణం. తడిసిన పావురం కొమ్మమీద ఒళ్ళు విదిలించుకుంటే ఒక పల్లవి. చర్చి వార్షికోత్సవానికి ఏటా ఒక కొత్త పాట కట్టేవాడు, ఒక్క ఏడూ తప్పలేదు.

ఈ ఏడు ఆయన బావమరిది కమిటీ పెద్ద అయ్యాడు. సభలకి లైట్లూ తెరలూ అద్దెకిచ్చే వ్యాపారం అతనిది. కిటికీని ఆనుకుని పెద్ద తెర ఉచితంగా తెచ్చి బిగించాడు. వెలుతురు పడితే బొమ్మ వెలిసిపోతుందని కిటికీకి ప్లైవుడ్ కొట్టించాడు. ఇప్పుడు పాట ఎత్తుకుంటే చాలు, తెరమీద జలపాతాలు దూకుతాయి, మంచుకొండలు మెరుస్తాయి. జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. వార్షికోత్సవం దగ్గర పడుతున్నా పాటలాయనకి మాత్రం ఒక్క ముక్క ఊడిపడలేదు.

"ఆ జలపాతాన్ని చూసి రాయరాదూ?" అంది భార్య. ఆవిడా క్వయర్‌లోనే పాడుతుంది.

"అది జలపాతం కాదు. జలపాతం బొమ్మ."

"కదులుతోందిగా."

"కదిలితే?"

ఆవిడ పోరు పడలేక, అక్కడి చెట్లైనా చూద్దామని పార్కుకి వెళ్ళాడు. అక్కడ నవ్వుల క్లబ్బువాళ్ళు వలయంగా నిలబడి హోరెత్తిస్తున్నారు. బెంచీమీద పక్కన కూర్చున్న పెద్దమనిషి ఈయన పనేమిటో కనుక్కుని, తన కట్టుడు పళ్ళ కింది వరస ఊడదీసి చేతిలో పెట్టాడు, ఎక్కడో గుచ్చుకుంటోందట.

లాభం లేదని బావమరిది దగ్గరికే వెళ్ళాడు.

"ఆ ప్లైవుడ్ పీకించరా."

"నీకు కావాల్సింది చెట్టేగా బావా. ఎన్ని కావాలో చెప్పు, తెరమీద వేస్తాను."

"నాకా చెట్టే కావాలి."

"ఏముంది అందులో? పూత లేదు, కాయ లేదు."

"ఏముందో నాకు తెలుసు."

"సరే, నువ్వడిగాక కాదంటానా? అక్క నన్ను బతకనిస్తుందా?"

ఆ మాట నమ్మి వారం గడిపాడు. ఆదివారం వెళ్ళి చూస్తే ప్లైవుడ్ ప్లైవుడ్‌లాగే ఉంది, తెరమీద చెట్టు ఉంది. ఆ చెట్టే. బావమరిది చర్చి వెనక్కి వెళ్ళి ఫోనులో వీడియో తీసుకొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. "మన ప్రహరీలోనే ఇంత అందముందని మనం గమనించనే లేదు, దేవునికి స్తోత్రం," అన్నారు పాస్టరుగారు. బయటికి వెళ్ళి దాన్ని చూసినవాడు మాత్రం లేడు.

పాట మొదలైంది. తెరమీద గాలి వీచింది, ఆకులు తిరగబడ్డాయి, కుడివైపు కొమ్మమీంచి పావురం లేచిపోయింది. కాసేపటికి మళ్ళీ అదే గాలి, అవే ఆకులు, అదే పావురం. రెండో చరణానికి చెయ్యెత్తాల్సిన పాటలాయన పావురం లేవడం కోసం చూస్తూ ఉండిపోయాడు. ఆడగొంతులు ఒక దారి పట్టాయి, మగగొంతులు ఇంకో దారి.

"ఏం బావా, చెట్టు కుదిరిందా?" అన్నాడు బావమరిది, ఆరాధన అయ్యాక.

"అదే పావురం మళ్ళీమళ్ళీ ఎగురుతోంది."

"మన పావురమేగా."

"ఎప్పుడు లేస్తుందో ముందే తెలిసిపోతోందిరా. లేస్తుందో లేవదో తెలియక చూస్తుంటేనే, దీన్ని నడిపేవాడొకడున్నాడు అనిపించేది నాకు. అప్పుడే మాట వచ్చేది."

బావమరిది బుర్ర గోక్కున్నాడు. "అంటే నిడివి తక్కువైందంటావ్."

వార్షికోత్సవం ముందురోజు పాటలాయన పెందరాళే పని కట్టేసి చర్చి వెనక సందులోకి వెళ్ళాడు. జనరేటరుకీ విరిగిన బెంచీలకీ మధ్య నిలబడి తల పైకెత్తాడు. చాలాసేపు ఏమీ లేదు. మెడ నొప్పి పుట్టింది. అప్పుడు పండుటాకు ఒకటి ఊడి, నేలకి రాకుండా కింది కొమ్మ చీలికలో చిక్కుకుని, ఎండలో వణుకుతూ నిలిచింది. ఆయనకి పల్లవి మొదటి మాట నాలుక చివరికి వచ్చింది.

"బావా, కొంచెం జరుగు. ఫ్రేములో పడుతున్నావ్."

వెనక బావమరిది, స్టాండుమీద కెమెరా. "ఈసారి అరగంట తీస్తున్నా. నీకోసమే."

మాట పోయింది. కళ్ళు మూసుకుని వెతుక్కున్నా తిరిగి రాలేదు. నీకోసమే అన్నవాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. గొంతు సవరించుకుని జరిగాడు.

మర్నాడు ఎన్నో ఏళ్ళనాటి పాటొకటి పాడించాడు. అయ్యాక పాస్టరుగారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"కొత్త పాట అద్భుతమండీ. ప్రతి మాటా ఆ చెట్టుని చూసి రాసినట్టే ఉంది."

"కొత్తది కాదండీ. చెట్టుని చూసే రాశాను, కిటికీ ఉన్న రోజుల్లో."

పాస్టరుగారు హాస్యమనుకుని నవ్వారు.

"ఆ కిటికీ తెరిపించండి. లేదా వచ్చే ఏటికి పాట రాసేవాణ్ణి ఇంకొకణ్ణి చూసుకోండి."

నవ్వు ఆగింది. "దానికేం భాగ్యం, కమిటీలో పెడదాం," అని పాస్టరుగారు కమిటీ పెద్ద కోసం అటూ ఇటూ చూశారు. బావమరిది నిచ్చెనెక్కి ఉన్నాడు. తెరని పక్క గోడమీదికి ఇంకో రెండడుగులు పెంచితే అక్కడి కిటికీ అడ్డొస్తుందేమోనని టేపు పెట్టి కొలుస్తున్నాడు.