మా సోంబాయక్క భారతమాత

నిన్న మధ్యాహ్నం బోయిగూడలో కూరగాయలు కొంటుంటే మా వాచ్‌మన్ ఫోన్.

"మేడం, సోంబాయమ్మ పోయింది."

ఏ సోంబాయమ్మ అని అడిగాను. మా బిల్డింగ్‌లో ఆ పేరుతో ఉన్నది ఒక్కతే అని తెలిసి కూడా.

హార్ట్ ఎటాక్ అట. ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

అక్క గోండు మనిషి. ఆదిలాబాద్ అడవి పల్లె నుంచి నర్సుగా సికింద్రాబాద్ వచ్చి, ఇక్కడే రిటైర్ అయింది. మా పక్క ఫ్లాట్.

కొత్తలో మా అత్తగారు లిఫ్ట్‌లో అందరినీ అడిగినట్టే "మీ నేటివ్ ఏదండీ?" అని అడిగారు.

"నేటివ్ ఏందమ్మా, నేనే నేటివ్! మీరందరు ఎప్పుడొచ్చిండ్రో జెర చెప్పుండ్రి" అని పకపకా నవ్వింది.

మాది భీమవరం అని ఊదరగొట్టే మా అత్తగారు మా ఫ్లోర్ రాకముందే లిఫ్ట్ దిగిపోయారు. ఆ రోజే నేను అక్కకి ఫ్యాన్ అయిపోయాను.

అక్క నవ్వని రోజు కూడా ఒకటి చూశాను.

ఆగస్టు పదిహేనుకి పిల్లల ఫ్యాన్సీ డ్రెస్. అక్క మనవరాలు రేణు భారతమాత వేషం వేస్తానంది. మా అసోసియేషన్ సెక్రటరీ గారేమో అద్దె షాపు నుంచి ఆకుల లంగా, ఈకల కిరీటం తెప్పించి "మీవాళ్ల డ్రెస్సే కదమ్మా, పాపకి బాగా సూటవుతుంది" అన్నారు. పైగా మెచ్చుకుంటున్నట్టే అన్నారు మహానుభావుడు.

రేణు ఒకటే ఏడుపు. "నేను భారతమాత కావొద్దా నానమ్మా?"

అక్క ఆ డ్రెస్ కవర్ ఆయన చేతికే తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు జెండా దగ్గరికి రేణు వచ్చింది. మోకాళ్ల దాకా గోచీ పోసి కట్టిన చీర, మెడలో అక్క వెండి కంటె, చేతిలో జెండా. అచ్చం వాళ్ల ఊరి ఆడవాళ్లలా.

"ఇదేంటమ్మా, భారతమాత ఇలా ఉంటుందా?" అన్నారు సెక్రటరీ గారు.

"గిట్ల సుత ఉంటది సార్, అమ్మ. మీరు ఇప్పటిదాంక చూడలే, గంతే."

గొంతు కూడా పెంచలేదు.



కాసేపటికి మైకులో ఆయనే "భారత్ మాతా కీ" అన్నారు. బిల్డింగంతా రేణు వైపు చూసి "జై" అంది. అక్క అప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అంతకుముందు భారతమాత అంటే నాకు క్యాలెండర్ బొమ్మ. ఇప్పుడు ఆ మాట ఎక్కడ విన్నా అక్క మొహమే కనిపిస్తుంది. ఈ దేశం నాది అని అంత నిబ్బరంగా చెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఈ రోజు అక్కని వాళ్ల ఊరు తీసుకెళ్తున్నారు.

నీ మట్టిలో చల్లగా నిద్రపో అక్కా.

జోహార్.