బావ కోసం గీసిన పువ్వు

శబ్దాన్ని బొమ్మ గీసి చూపించడం చాలా తేలికని చెప్పినవాడు ఎదురుపడితే నాలుగు దులుపుదామని ఉంది నాకు. చిక్కేమిటంటే, ఆ చెప్పినవాణ్ణి నేనే.

మా అక్క మొగుడు అత్తిమంజేరిపేటలో మగ్గం మీద చీరలు నేస్తాడు. ముహూర్తాలున్న రోజుల్లో తిరుత్తణి కల్యాణ మండపాల్లో ఒక పాటకచేరీ బృందానికి కీబోర్డు వాయిస్తాడు. మగ్గం అన్నం పెడుతుంది, కీబోర్డు ఆయన్ని మనిషిలా ఉంచుతుంది. ఈ మాట మా అక్క అంది, అదీ తిట్టేటప్పుడు. ఆ పాత కీబోర్డు ఒక రిసెప్షన్లో, సరిగ్గా పెళ్లికొడుకు వేదిక ఎక్కే సమయానికి గొంతు మూసుకుంది. పాపం ఆ పెళ్లికొడుకు చప్పుడు లేకుండా, దొంగతనానికి వచ్చినవాడిలా మెట్లెక్కాడు.

బృందాన్ని నడిపే మాస్టర్ తమిళాయన. మాతో తెలుగే మాట్లాడతాడు, కోపమొస్తే మాత్రం సొంత భాషలోకి వెళ్లిపోతాడు. ఆ రోజు రెండూ వాడాడు.

"వచ్చే ముహూర్తానికి నాదస్వరం సౌండు, గుడిగంట సౌండు కరెక్టుగా రావాల. రాలేదా, కీబోర్డుకు కడంబత్తూరాయన్ని పిలుచుకుంటా. అప్పురం, అదే తర్వాత, నామీద పడొద్దు."

బావ ముఖం చూశాను. కొత్త కీబోర్డు కొనే స్తోమత లేదు, ఆ సీటు పోతే ఆయనకు మిగిలేది మగ్గం గుంట ఒక్కటే. నేను మధ్యలో దూరాను. "నేను చేసిస్తా మాస్టర్!" తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడికి ఉండే ధైర్యం అది. ఏది ఎంత కష్టమో తెలియాలంటే పది దాకా అయినా చదవాలి కదా.

తిరువళ్లూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తూ, వీడియోలు చూసి కంప్యూటరు పని నేర్చుకున్నవాణ్ణి నేను. ఎఫ్ఎం సింథసైజర్ అని, శబ్దాలు పుట్టించే ప్రోగ్రాం ఒకదాన్ని ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టి ఉంచారు. ఎఫ్ఎం అన్నాను గానీ అది రేడియో కాదు. ఒక శబ్దపు అలను ఇంకో అల కుదిపితే కొత్త శబ్దం పుడుతుంది. మెల్లగా కుదిపితే పిల్లనగ్రోవి, కాస్త గట్టిగా కుదిపితే నాదస్వరం, ఇంకా కుదిపితే పాత ఇనుపసామాన్ల కొట్టు. ఆటంతా ఆ కుదుపులోనే ఉంది. లోపలి వంట వాళ్లది, పైన కనబడే తెర నాది. దాన్ని టాబ్లెట్లో వేసి, నొక్కే మెట్లు తప్ప సొంత సౌండు లేని ఒక చౌక పలకను దానికి తగిలిస్తే బావకు కీబోర్డు సిద్ధం.

సౌండును ఒకసారి సరిచేసి దాచిపెట్టుకుంటే సరిపోదా అంటారేమో. సరిపోదు. మండపానికో స్పీకరు, స్పీకరుకో బుద్ధి. కింది స్వరాల్లో తియ్యగా ఉన్న కుదుపే పై స్వరాల్లో గీపెడుతుంది. కుడిచేత్తో వాయిస్తూ ఎడమచేత్తో దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. అందుకే ఆ తెర ఒక్క చూపులో అర్థం కావాలి.

మొదట అందరూ గీసినట్టే గీశాను. పెట్టెలు, పెట్టెల మధ్య బాణాలు, పక్కన అంకెలు. బావ టాబ్లెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది బామ్మర్దీ ఇది, కరెంటాఫీసు మ్యాపా?"

"ఈ పెట్టె ఆ పెట్టెను కుదుపుతాది బావా."

"ఎందుకు? అదేం పాపం చేసినాది?"

పేర్లు రాసి పెడదామంటే ఆయన తమిళం గబగబా చదువుతాడు, తెలుగు కూడబలుక్కుంటాడు. ఈ కుదుపులకేమో మా ఇంట్లో రెండు భాషల్లోనూ ఎవరూ పేరు పెట్టలేదు. పెట్టెలన్నీ చెరిపేసి పువ్వు గీశాను. కుదుపు తక్కువగా ఉంటే పువ్వుకు నాలుగు రెక్కలు. పెరిగేకొద్దీ రెక్కలు చీలి, రెక్క మీద రెక్క వచ్చి కిక్కిరిసిపోతాయి. పలచని పువ్వు మెత్తని సౌండు, కిక్కిరిసిన పువ్వు గరుకు సౌండు. కింద వేలితో జరిపే గీత ఒక్కటే. ఇంతకన్నా విప్పి చెప్పడం ఎవరివల్లా కాదనుకున్నాను.

అక్క నూలు కండెలు చుట్టడం ఆపి వచ్చి చూసింది. "ఒరే, ఇది చీరమీదేస్తే యాడికో పోతాది!" బావ వేలు జరపడం, పువ్వు విచ్చుకోవడం, ఆయన మురిసిపోవడం. మెచ్చుకునేది నా తెలివినే అనుకుని నేను ఆ పూటంతా నేల మీద నడవలేదు.

తిరుత్తణిలో రిసెప్షను. నేను ముందు వరసలో కూర్చున్నాను, శాలువా కప్పుతారేమో అన్నంత వినయంగా. పెళ్లికొడుకు మెట్టు మీద కాలు పెట్టాడు. బావ వాయించాడు. గూడ్సు బండి బ్రేకు పడినట్టు ఒక కేక. పెళ్లికొడుకు తలపాగా గట్టిగా పట్టుకున్నాడు. నేను లేచి నిలబడి, తగ్గించమని రెండు చేతులూ ఊపాను. బావ నాకేసి చూసి, అర్థమైందన్నట్టు తలాడించి, పెంచాడు.

"ఎన్నయ్యా ఇదు, నాదస్వరమా, నాయి సండైయా?" అన్నాడు మాస్టర్. నాయి సండై అంటే కుక్కల కొట్లాట. ఆ తర్వాత తెలుగులోకి వచ్చి, "ఇంకొక్క ముహూర్తం చూస్తా. అంతే," అన్నాడు.

తిరుగు బస్సులో అడిగాను. "తగ్గించమంటే పెంచినావేంది బావా?"

"నువ్వు చేతులూపినావు. బాగలేదంటాండావని తెలిసింది. పువ్వు చూస్తే రెక్కల మధ్యన ఇంకా ఖాళీ ఉండాది. నిండలేదేమో అనుకున్నా."

"సౌండు వినబళ్ళేదా?"

"పక్కన డ్రమ్ములు కొడతా ఉంటే ఏం వినేది? బొమ్మ చూసుకోమన్నది నువ్వే కదరా!"

అప్పుడు తట్టింది నాకు. నేతింట్లో చీర మీది పువ్వు, అదే బుట్టా, నిండుగా ఉంటే మంచి పని. పలచగా ఉంటే పని ఎగ్గొట్టినట్టు. ఖాళీ కనిపిస్తే ఆ కన్ను ఊరుకోదు. నేనూ ఆ ఇళ్లలోనే పుట్టి, ఆ మగ్గాల కిందే దోగాడి, ఈ ముక్క మరిచిపోయాను. చూడగానే అర్థమయ్యేలా గీయాలని వీడియోల్లో చెబుతారు. చూడగానే అర్థమైంది. తలకిందులుగా అర్థమైంది.

సరే, నేతగాడి కన్నుతోనే మాట్లాడదామని పంతం పట్టాను. కుదుపు హద్దు దాటితే పువ్వులో పోగులు తెగి వేలాడేలా మార్చాను. బావ ఇంట్లో కూర్చుని గీతను కొద్దిగా జరిపాడు. ఒక్క పోగు తెగింది. వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దురా, పోగు తెగతా ఉండాది."

"తెగనీ బావా, అది బొమ్మ!"

"బొమ్మయితే మాత్రం? చూస్తా చూస్తా యాడ తెంపేది?"

ఇక కుదుపు బొత్తిగా లేని ఎడమ కొసను వదల్లేదు. నాదస్వరం దోమ పాటయింది. "ఈ సౌండుకు పెళ్లికొడుకు రాడు, పొగమందు కొట్టేవాళ్లు వస్తారు," అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

"చెవితో వాయించు బావా, కంటితో కాదు!"

"మరి కంటికెందుకు పెట్టినావు?"



తర్వాతి ముహూర్తానికి బావ నన్ను పెందలాడే మండపానికి లాక్కెళ్లాడు. డ్రమ్ములవాళ్లు ఇంకా రాలేదు. "నేను వాయిస్తా, నువ్వు జరుపు. పువ్వును అట్ల తిప్పి పెట్టు, నాకు కనబడగూడదు," అన్నాడు. కింది స్వరాలు వాయిస్తూ, "ఆడ ఆపు!" అన్నాడు. జేబులోంచి అక్క బొట్టుబిళ్లల అట్ట తీశాడు. ఒక ఎర్ర బిళ్ల వొలిచి గీతకు పైన, ఆ చోటున అద్దం మీద అతికించాడు. పై స్వరాలకు ఇంకోటి, గంటకు ఇంకోటి. అయిపోయింది. అంతే.

ఆ సాయంత్రం పెళ్లికొడుకు నిజమైన నాదస్వరం వస్తోందనుకుని వెనక్కి తిరిగి చూశాడు. మాస్టర్ సొంత భాషలోకి వెళ్లలేదు. ఆయన తిట్టలేదంటే అదే సన్మానం. కడంబత్తూరాయన ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు బావ టాబ్లెట్ మీద ఎర్ర బిళ్లలు ఒక మండపానివి, పచ్చవి బస్టాండు పక్క మండపానివి, ఊదావి కొండ కింద దానివి. నా పువ్వు వాటి వెనకాల ఎవరికోసమో విచ్చుకుంటూ ఉంటుంది. అక్కేమో బొట్టు పెట్టుకోబోతే అట్ట ఖాళీ అని నన్ను తిడుతుంది.

ఈమధ్య బొమ్మ లేకుండా, వాయించే స్వరాన్ని బట్టి తనంతట తానే సర్దుకునే కొత్త తెర ఒకటి తయారుచేశాను. అందులో గీత బొటనవేలంత పక్కకు జరిగింది, పాత బిళ్లలేవీ దానికి సరిపోవు. బావకు చూపించాను.

"గీత కదిలిందా?"

"కొంచెం, బావా."

"నా మండపాలన్నీ పోతాయి కదరా! పెళ్లిళ్లన్నీ అయిపోనీ, చూస్తాం."

తిరుత్తణిలో పెళ్లిళ్లు అయిపోయేది ఎప్పుడు? కొత్త తెర నా కంప్యూటర్లోనే ఉంది. బావ సీటు ఆయనకు ఉండాలంటే అది అక్కడే ఉండాలి.