దసరాకు ముందు వచ్చే బట్ట ముక్క

ఉదయం తొమ్మిది గంటలకు ఫోన్ మోగింది. తెర మీద ‘ఉస్తాద్’ అని పడింది. ఆయన ఫోన్ చేస్తే హలో అనే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. మొదటి మాట ఇంజన్ గురించే ఉండాలి, లేకపోతే ఆయనకు కోపం. టీ గ్లాసు పక్కన పెట్టి, “మంచిగనే నడుస్తున్నది ఉస్తాద్, పొగ గిట్ల ఏం లేదు” అన్నాను.  అవతలి నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది.

“అన్నా, నేను. పొద్దుగాల పోయిండు.”

ఆ తర్వాత నేనేం మాట్లాడానో గుర్తులేదు. మంచిగనే నడుస్తున్నదని నేను చెప్పిన కబురు మాత్రం, అందుకోవాల్సిన మనిషి లేని ఇంట్లోకి వెళ్లి ఊరికే నిలబడినట్టు అనిపించింది.

ఉస్తాద్ అంటే సంగీతం మాస్టారని అనుకుంటారేమో. హైదరాబాద్‌లో స్పానర్ పట్టిన ప్రతి మనిషీ ఉస్తాదే. కొందరు నిజంగా కూడా ఉస్తాదులు. ఈయన తార్నాకలో ఒక సందు చివర రేకుల షెడ్డులో చిన్న ఇంజన్లు బాగుచేసేవాడు. జనరేటర్లు, మందు కొట్టే పంపులు, అన్నిటికంటే ముఖ్యంగా గడ్డి కోసే మిషన్లు. నేను దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో తోటపని చేసి రిటైరైన మనిషిని. నా చేతిలో ఎక్కువ కాలం ఉన్నది మీద కూర్చుని నడిపే గడ్డి మిషన్. ట్రాక్టర్‌కు పిల్ల పుడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. దాని మీద నేను తిరుగుతుంటే పీజీ పిల్లలు ఫోటోలు తీసేవారు. ఫోటోలో మిషన్ మొత్తం వచ్చేది, నేను మోకాలి దాకే. ఉస్తాద్ ఒక్కడే నన్ను “డ్రైవర్ సాబ్” అని పిలిచేవాడు. వేళాకోళమే, కానీ ఆ పిలుపు వినకపోతే నాకు పూట గడిచేది కాదు.

ఆయన మంచితనం గురించి రాయడం తేలిక. పోయినవాళ్లందరూ మంచివాళ్లే. నేను రాయాల్సింది వేరే ఉంది. ఆయన పేరు మీద ఒక తప్పు నిలిచిపోయింది. ఆ తప్పు నాది. ఆయన ఉండగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాలి. చెప్పే లోపు దారి తప్పుతాను, అది నా జబ్బు. కాస్త ఓర్చుకోండి.

నేను బడికి వెళ్లింది నాలుగో తరగతి దాకే. మిగతా చదువంతా హాస్టల్ పిల్లలు గదులు ఖాళీ చేస్తూ వదిలేసిన పుస్తకాల నుంచి వచ్చింది. ఏది దొరికితే అది. అందువల్ల నాకు అర్థశాస్త్రం సగం తెలుసు, జంతుశాస్త్రం కప్ప దాకా తెలుసు. మిషన్ కొత్తగా వచ్చినప్పుడు దాంతోపాటు ఒక ఇంగ్లిషు పుస్తకం వచ్చింది. వారం రోజులు కూడబలుక్కుని చదివి, గర్వంగా ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను. యాభై గంటలు నడిచాక ఆయిల్ మార్చాలని రాసి ఉందని చెప్పాను.

ఆయన నవ్వాడు. “రాసినోనికి మన దుమ్ము తెల్వదు, డ్రైవర్ సాబ్. ఆయన ఊర్ల గడ్డి పచ్చగుంటది. మనకాడ సగం గడ్డి, సగం మన్ను. ముప్పై గంటలకే మార్చు.”

“పుస్తకం అబద్ధమా?”

“అబద్ధం కాదు. దూరంల రాసిన్రు.”

ఈ ముక్క నాకు ఆ తర్వాత చదివిన చాలా పుస్తకాల విషయంలో పనికొచ్చింది.

ఆయన పని చూడాలంటే ఓపిక ఉండాలి. మిషన్ తీసుకెళ్తే వెంటనే చెయ్యి పెట్టేవాడు కాదు. స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. “ముందు వినాలె. స్పానర్ ఆడికే ఉంటది, యాడికీ పోదు” అనేవాడు. విన్నాక ప్లగ్ తీసి దాని కొన రంగు చూసేవాడు. డాక్టర్ నాలుక చూసినట్టు. నల్లగా మసిపడితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, తెల్లగా పాలిపోతే వేడెక్కుతోందని. చూసిన ప్లగ్‌ను చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆయన జేబులో పెన్ను ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ప్లగ్గులు, పిన్నీసు, గరుకు కాగితం, ఒక్కోసారి సగం తిన్న పల్లీపట్టీ. ఆదివారం చర్చికి వేసుకెళ్లే తెల్ల చొక్కా జేబుకు కూడా ఆయిల్ మరక ఉండేది. పాస్టరు గారు అడిగితే, “ప్రభువు చూసేది జేబు లోపలి గుండెను గదా అయ్యగారూ” అన్నాడట. ఈ సంగతి ఆయన భార్య చెప్పింది, తల కొట్టుకుంటూ.

ఒక చిన్న మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. ఈ ఇంజన్‌లో నీళ్లు ఉండవు. గాలితోనే చల్లబడాలి. పైన జాలీ ఉంటుంది, ఆ జాలీలోంచి ఫ్యాను గాలిని లాగి, సిలిండర్ చుట్టూ దువ్వెన పళ్లలా ఉండే రెక్కల మీదికి కొడుతుంది. ఆ రెక్కల మధ్య గడ్డి పొట్టు చేరకుండా చూసుకోవాలి. చేరితే గాలి ఆడదు. గాలి ఆడకపోతే ఇంజన్ లోలోపల ఉడికి, ఒకరోజు తిరగకుండా బిగుసుకుని పట్టేస్తుంది. మా మిషన్ సర్వీసు అప్పట్లో ఆయనదే; దాన్ని నాకు అప్పజెప్పిన రోజే ఈ పాఠం చెప్పాడు.

మిషన్ వచ్చిన మొదటి దసరా. అప్పటికి నేను ఇరవై ఏళ్లుగా దినకూలీని. పర్మనెంటు చేసే కాగితాలు ఆ నెలే ఆఫీసులో కదులుతున్నాయి. నా సంబరానికి హద్దు లేదు. ఆయుధపూజ రోజు మిషన్‌ను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాను. అంతటితో ఆగానా? బానెట్ ఎత్తి, నా ఉద్యోగం నిలబెట్టమని మొక్కుకుంటూ, పళ్లెం నిండా అక్షింతలు ఇంజన్ మీద పోశాను. చల్లలేదు, పోశాను. సగం జాలీలోంచి లోపలికి జారాయి. నేను చూశాను. దేవుడి బియ్యమే కదా, ఏం చేస్తాయనుకున్నాను.

తర్వాత సెలవులు. మిషన్ క్యాంపస్ షెడ్డులోనే ఉంది. బియ్యం వాసనకు ఎలుక వచ్చింది. తిన్నంత తిని, ఎండుగడ్డి తెచ్చుకుని, ఆ రెక్కల మధ్యే కాపురం పెట్టింది. సెలవులయ్యాక స్నాతకోత్సవం కోసం మైదానం కోయాలన్నారు. నేను మూత తీసి చూడకుండానే బయల్దేరాను. సగం మైదానం అయ్యేసరికి ఇంజన్ కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. తాడు కట్టి లాగినా లోపలేమీ కదలలేదు.

ఉస్తాద్ వచ్చి నట్లు విప్పి పైమూత ఎత్తాడు. మాడిన గడ్డి గూడు, ఎలుక లేదు, గూటి నిండా పసుపు గింజలు. ఆయన ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నా మొహం చూశాడు.

“ఏందిది, డ్రైవర్ సాబ్?”

నేను చేతిలో ఉన్న తాడును చుట్టడం మొదలుపెట్టాను.

“ఇంజన్‌కు అన్నం పెట్టినవా?”

అప్పుడే ఆఫీసరు గారి జీపు మలుపు తిరిగింది.  ఉస్తాద్ గూడును లాగి పొదల్లోకి విసిరాడు. రెక్కల్లో మిగిలిన పసుపు గింజల్ని గబగబా ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆఫీసరు దిగేసరికి అక్కడ మాడిన ఇనుము తప్ప ఏమీ లేదు.

“ఏమైందయ్యా?”

“వేడెక్కి పట్టేసింది సార్.”

“ఎందుకు వేడెక్కింది? సర్వీసు ఎవరు చేశారు?”

“సర్వీసు నాదే సార్. మూత తీసి చూడాల్సింది నేనే. చూడలే.”

ఆఫీసరు నా వైపు తిరిగాడు. “నిజమేనా?”

నేను తల వంచుకున్నాను. తల వంచుకోవడం అవుననడం కాదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆఫీసరు మాత్రం అవుననే తీసుకున్నాడు. మెకానిక్ నిర్లక్ష్యం వల్ల ఇంజన్ పోయిందని ఫైల్లో రాశారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పారు, ఈ మనిషి మళ్లీ లోపలికి రావద్దని. ఆరోజు ఉస్తాద్ స్పానర్లు గోనెసంచిలో వేసుకుని, ఒక చెయ్యి జేబు మీద అదిమి పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. ఒక్క గింజ కూడా కింద పడలేదు.

నెల తిరక్కుండా నేను పర్మనెంటు అయ్యాను.

ఇంజన్‌ను వేరే ఎవరో బాగుచేసి పంపారు. నడిచింది కానీ కుదురుగా నడవలేదు. సిగ్గు విడిచి తార్నాక వెళ్లాను. ఆయన తిడతాడనుకున్నాను. “ప్లగ్ తెచ్చినవా?” అన్నాడు. అంతే. ఆనాటి నుంచి మా సంసారం గేటు బయట సాగింది. నేను కార్బురేటర్ విప్పి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకుపోయేవాణ్ని. ఒకసారి మా ఇంటావిడ చూసుకోకుండా అదే డబ్బాలో పప్పు పెట్టింది. ఆ పప్పుకు పెట్రోలు వాసన వచ్చిందని నేను, పెట్రోలుకు తాలింపు వాసన వచ్చిందని ఆయన. చిన్న సామాను కావాల్సి వస్తే ముషీరాబాద్ పాత దుకాణాలన్నీ గాలించి, నడిచి తెచ్చేవాడు. మిషన్ చప్పుడు మారితే నేను ఫోన్‌ను ఇంజన్ దగ్గర పెట్టేవాణ్ని. ఆయన తన షెడ్డులో కళ్లు మూసుకుని వినేవాడని నాకు తెలుసు. “ఎడమదిక్కు బోల్టు వదులైంది, చూడు” అనేవాడు. నిజంగానే అయ్యేది. అడుగుపెట్టనివ్వని చోట మిషన్‌ను ఆయన చెవితో కాపాడాడు.

ఇక ప్రతి దసరాకు ముందు ఒక బట్ట ముక్క పంపేవాడు. పాత చొక్కా వీపు భాగం, సబ్బుతో ఉతికి, చతురస్రంగా కత్తిరించి. మొదటిసారి ఇచ్చినప్పుడు అన్నాడు: “జాలీ మీద కట్టి, అప్పుడు నీ అక్షింతలు వెయ్యి. మీ దేవుడైనా మా దేవుడైనా బట్ట మీదికెల్లి గూడ చూస్తడు.” ఆ దుర్దినం గురించి ఆయన అన్న మాట ఇదొక్కటే.

నేను చెప్పాలని ప్రయత్నించకపోలేదు. ఒక క్రిస్మస్‌కు కేకు తింటూ, “ఉస్తాద్, ఆ రోజు నేను...” అన్నాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టి, “కేకు ఎండిపోయిందా? నిజం చెప్పు, మా ఇంటామెకు చెప్పను” అన్నాడు. నేను నవ్వేశాను. నవ్వడం తేలిక. ఆఫీసర్లు మారారు, నేను రిటైరయ్యాను, ఇక ఎవరికి భయపడాలి? అయినా చెప్పలేదు. రేపు చెబుదామన్న మనిషికి రేపు ఎప్పుడూ ఉంటుంది, అవతలివాడికి ఉండదు.

రిటైరయ్యాక కూడా పొద్దున్నే క్యాంపస్‌కు వెళ్లి మిషన్ చూసి వస్తుంటాను. ఇప్పుడు దాన్ని ఒక అమ్మాయి నడుపుతుంది, నాలాగే దినకూలీ. కిందటి వానాకాలం ఇంజన్ లోపల టకటకమంటుంటే, ఫోన్ దగ్గర పెట్టి అడిగాను.

చాలాసేపటికి ఆయన గొంతు వచ్చింది. “వినబడ్తలేదు, డ్రైవర్ సాబ్. మిషన్ మంచిగైందా, నా చెవి పోయిందా?”

ఆ టకటక రోడ్డు మీది దాకా వినిపిస్తోంది.

“మిషనే మంచిగైంది ఉస్తాద్” అన్నాను.

“మంచిగైతే చాలు” అన్నాడు. ఆయన పోయిన పొద్దున ఫోన్‌లో నేను చెప్పింది కూడా ఆ అబద్ధంలో మిగిలిన ముక్కే.

ఆయన్ని పూడ్చిన సమాధుల తోటలో గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉంది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే నా చేతులు ఆ గడ్డి మీదికే పోతున్నాయి. వచ్చిన మెకానిక్కులు, పక్క దుకాణాలవాళ్లు తలా ఒక మంచి మాట చెప్పారు. ఒకాయన, “ఆ క్యాంపస్‌ల ఇంజన్ ఒక్కటే పాడు చేసిండు, మిగిలిన బతుకంత మంచిగ చేసిండు” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను నోరు తెరిచేసరికి మట్టి వేయడం మొదలైంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. ఇప్పుడున్న ఆఫీసరు మా చిన్నవాడి వయసు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అంతా చెప్పాను, ఎలుక దగ్గర్నుంచి. ఓపికగా విన్నాడు.

“ఏ ఫైలు తాతగారూ అది? పాతవన్నీ ఎప్పుడో తీసేశారు.”

“ఆయన తప్పు లేదని ఎక్కడైనా రాయండి సార్.”

“తప్పుందని ఇక్కడ ఎవరికి తెలుసు?”

ఆయన ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. ఆఫీసులో ఆ నింద ఎవరికీ గుర్తులేదు. అసలు నిజం తెలిసిన ఇద్దరిలో ఒకడు మట్టిలో ఉన్నాడు. ఆ నిందను తుడవడానికి నాకు చోటే మిగల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మూత తీసి చూడాల్సింది ఆయనన్నది నిజం కాదు. చూడాల్సి ఉండీ చూడనివాణ్ని నేను. బియ్యం పోసింది నేను.

దసరాకు రెండు రోజుల ముందు ఆయన ఇంటికి వెళ్లాను, ఊరికే పలకరించి వద్దామని. ఆయన భార్య లోపలికి వెళ్లి, మడత పెట్టిన చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టింది. చర్చి చొక్కా.

“బట్ట కొయ్యాలె, పండుగొస్తున్నది అని ఒకటే కలవరిస్తుండె. కొయ్యబుద్ధి కాలే అన్నా. అంగీనే తీస్కపో.”

ఆయుధపూజ రోజు ఆ అమ్మాయి మిషన్ కడిగి బొట్లు పెట్టింది. నేను బానెట్ ఎత్తి, చొక్కాను జాలీ మీద పరిచి, దాని చేతులు రెండూ వెనక్కి తిప్పి ముడివేశాను. ఆ అమ్మాయి అక్షింతలు చల్లింది. కొన్ని జారి పడ్డాయి, కొన్ని తెరుచుకున్న జేబులోకి పోయాయి, ఆయిల్ మరక వెనక్కి.

“కాకా, జేబుల పడ్డయి. దులపాల్నా?”

“వద్దు బిడ్డా” అన్నాను.

చొక్కాను దులపకుండానే మడిచి, ఒళ్లో పెట్టుకుని ఇంటికి పోయే బస్సులో కూర్చున్నాను. తార్నాక దాటాక ఒక గుంతలో బస్సు ఎగిరింది. జేబులో గింజలు కదిలాయి. చాలా చిన్న చప్పుడు. కళ్లు మూసుకున్నాను. అంబర్‌పేట వచ్చేదాకా వింటూనే ఉన్నాను.